విత్తనపు వాదం – చిన్న రైతు పక్షం

గమ్హరియా అనగానే మన ఉద్యోగులకు స్ఫురించేవి పొగగొట్టాలు, ఫౌండ్రీలు, గూడ్సు బండ్ల బారులు. జంషెడ్‌పూర్ నుండి ఖర్కాయీ నది దాటితే ఆదిత్యపూర్ మొదలుకొని గమ్హరియా వరకు అల్లుకొనిపోయిన పారిశ్రామిక వాడలో వేయికి పైగా చిన్న, మధ్యతరహా కర్మాగారాలు ఉన్నవి. అయితే ఈ షెడ్ల వరుస ముగిసిన చోటనే వరిమళ్ళు మొదలవుతాయన్న సంగతి పెద్దరోడ్డు దిగి కొంతదూరం నడిచిన వారికి మాత్రమే తెలుస్తుంది. జార్ఖండ్ రాష్ట్రంలోని సరాయికేలా–ఖర్సావాఁ జిల్లాకు చెందిన ఈ బ్లాకులో హో, సంతాలీ, బెంగాలీ, ఒడియా భాషలు మాట్లాడే రైతు కుటుంబాలు మెట్టను ‘టాండ్’ అనీ, పల్లాన్ని ‘దోన్’ అనీ పిలుచుకొంటూ, వాననే నమ్ముకొని ప్రధానంగా ఏటా ఒక్క వరి పంట తీసుకొంటున్నవి. మెట్టలో చల్లే గోడా ధాన్యపు విత్తనాన్ని చాలామంది ఇంటి గాదెలో నుండే తీస్తారు. మన రోహిణీ కార్తె వారికీ ‘రోహిన్’ పర్వమే. ఆనాడు పొలంలో నాలుగు గింజలైనా చల్లడం శుభమని భావిస్తారు. రాత్రి షిఫ్టు దిగివచ్చి ఉదయం నారు పీకే కార్మికులు ఈ ప్రాంతంలో అరుదు కారు.

శ్రీకాకుళం, విజయనగరం వంటి జిల్లాల నుండి తరాల క్రితం వచ్చి ఈ ప్రాంతంలో స్థిరపడిన తెలుగు కుటుంబాలది ఇంకొక విధమైన వ్యవసాయం. స్వగ్రామంలో ఎకరమో, ఎకరంన్నరో ఉంటుంది. దానిని తమ్ముడో, బావమరిదో, కౌలుదారో చూస్తూ ఉంటాడు. జ్యేష్ఠమాసం రాగానే విత్తనాలకు, ఎరువులకు డబ్బు పంపమని ఫోను వస్తుంది. ఈ మధ్యకాలంలో ఆ ఫోనులో ఒక కొత్త ప్రశ్న కూడా వినవస్తున్నదని సహోద్యోగులు కొందరు మాతో అన్నారు. కంపెనీ పేరు సరిగా లేని పత్తి విత్తనపు పొట్లం అమ్ముతున్నారట, కలుపుమందు కొట్టినా మొక్క చావదట, వేయమంటారా అని ఊరినుండి అడుగుతున్నారు. కర్మాగారంలో ఇనుము నాణ్యతను క్షుణ్ణంగా పరీక్షించగల మనవారు ఈ ప్రశ్నకు సమాధానం చెప్పలేక తటపటాయిస్తున్నారు. ఈ వ్యాసానికి ప్రేరణ అదే.

జన్యుమార్పిడి పంటలను గురించి పాతికేళ్ళకు పైగా దేశంలో వాదోపవాదాలు సాగుతున్నవి. అనుకూలురూ, ప్రతికూలురూ ఇరువురూ రైతు పేరు చెప్పుకొనే మాట్లాడుతారు. రైతును ఎదుట కూర్చోబెట్టుకొని అడిగిన సందర్భాలు మాత్రం వేళ్ళమీద లెక్కించదగినవి. అడిగినప్పుడు అతడు చెప్పినదానిలో జన్యువు మంచిదా, చెడ్డదా అన్న మాట కంటె, ఈ విత్తనం ఎవరి చేతిలో ఉంటుంది, పంట పోతే ఆ నష్టం ఎవరి తలమీద పడుతుంది అన్న మాటలే బరువుగా ఉన్నవి. మా దృష్టిలో ఈ వివాదానికి కీలకం అక్కడనే ఉన్నది.

బిటి అనగా నేమి?

నేలలో సహజంగా ఉండే బాసిల్లస్ థురింజియెన్సిస్ అనే సూక్ష్మజీవి ఒక మాంసకృత్తును తయారు చేస్తుంది. అది కొన్ని రకాల గొంగళి పురుగుల ప్రేగులను దెబ్బతీసి చంపుతుంది. ఆ మాంసకృత్తును తయారుచేసే జన్యువును ప్రయోగశాలలో పత్తి మొక్కలో ప్రవేశపెట్టగా వచ్చినదే బిటి పత్తి. శనగపచ్చ పురుగు, గులాబీరంగు పురుగు వంటి కాయతొలుచు పురుగులను అరికట్టడానికి దీనిని రూపొందించారు. తెల్లదోమ, పచ్చదోమ, పేనుబంక వంటి రసం పీల్చే పురుగుల మీద దీని ప్రభావం లేదు. తెగుళ్ళ మీద అసలే లేదు. వాణిజ్యపరంగా సాగుచేయడానికి మన దేశంలో అనుమతి లభించి పొలాలకు చేరిన జన్యుమార్పిడి పంట నేటికీ పత్తి ఒక్కటే.

ఇక్కడ మన రైతులలోను, చదువుకొన్న వారిలోను కూడా ఒక గందరగోళం ఉన్నది. బిటి విత్తనాన్ని దాచుకొని మరుసటి ఏడు వేస్తే సరిగా పండదు కనుక దానిలో ఏదో తాళం వేశారని పలువురు నమ్ముతారు. నిజానికి ఆ లక్షణం జన్యువుది కాదు, సంకరజాతి విత్తనానిది. మన దేశంలో బిటి జన్యువును ప్రధానంగా సంకర రకాలలోనే ఎక్కించి అమ్మారు. సంకరజాతిలో రెండవ తరపు మొక్కలు ఒకే తీరున ఉండవు, దిగుబడి పడిపోతుంది. కనుక రైతు ఏటా దుకాణానికి వెళ్ళక తప్పదు. అదే జన్యువును సూటి రకాలలో పెట్టి ఉంటే విత్తనం దాచుకోవడానికి వీలుండేది. చైనాలో బిటి పత్తి చాలావరకు ఆ పద్ధతిలోనే వ్యాపించినది. అంటే రైతు జేబుకు పడిన చిల్లు విజ్ఞానశాస్త్రం వలన పడినది కాదు, వ్యాపారానికి ఎంచుకొన్న మార్గం వలన పడినది. బహిరంగ చర్చలలో ఈ సంగతి ఎంతో అరుదుగా వినిపించడం మాకు వింతగా తోచినది.

ఓరుగల్లు పత్తి చేలలో

తెలుగునాట ఈ కథ బిటికి ముందే మొదలైనది. 1997–98లో వరంగల్ ప్రాంతంలో లద్దెపురుగు పత్తి చేలను నాశనం చేయగా, అప్పులపాలైన రైతులు పురుగుమందు త్రాగి ప్రాణాలు తీసుకొన్న వార్తలు దేశాన్ని కలచివేసినవి. బిటి పత్తికి అనుమతి లభించినది ఆ తరువాత నాలుగేళ్ళకు, 2002 మార్చి 26న. కనుక రైతుల ఆత్మహత్యలకు బిటి విత్తనమే మూలమనే వాదం చరిత్రకు సరిపోదు. వానమీద ఆధారపడిన నేల, వడ్డీవ్యాపారి అప్పు, ధరల ఊగిసలాట, కల్తీ మందులు, ఇవన్నీ అంతకుముందే అక్కడ ఉన్నవి. కొత్త విత్తనం వచ్చి ఆ పాత బండిలోనే ఎక్కినది.

1998లో, ఇంకా ప్రయోగదశలో ఉండగానే, కర్ణాటక రాజ్య రైతు సంఘం ఆచార్య నంజుండస్వామి నాయకత్వంలో మోన్‌సాంటో ప్రయోగక్షేత్రాలలోని పత్తి మొక్కలను పీకి దహనం చేసినది. దీనికి విరుద్ధంగా 2001లో గుజరాత్‌లో అనుమతి లేని బిటి పత్తి వేలాది ఎకరాలలో బయటపడినప్పుడు, దానిని తగులబెట్టాలన్న ఆలోచనను అక్కడి రైతులే వ్యతిరేకించారు. ఒకచోట రైతులే కాల్చారు, మరొకచోట రైతులే కాపాడుకొన్నారు. ‘రైతు అభిప్రాయం’ అని ఏకవచనంలో మాట్లాడేవారు ఈ రెండు సంఘటనలను ప్రక్కప్రక్కన పెట్టి చూడవలసి ఉన్నది.

మొదట అనుమతించిన మూడు సంకర రకాలు మన మెట్ట నేలలలో చాలాచోట్ల రైతులను నిరాశపరచినవి. జహీరాబాదు ప్రాంతపు డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీకి చెందిన గ్రామీణ మహిళలు స్వయంగా కెమెరాలు పట్టి, వరంగల్ రైతుల అనుభవాలను 2003లో చిత్రంగా తీశారు. 2005లో ఆ మూడు రకాలకు ఆంధ్రప్రదేశ్‌లో అనుమతిని కొనసాగించలేదు. అటు పిమ్మట మెరుగైన రకాలు వచ్చి, పురుగుమందుల ఖర్చు తగ్గి, సాగు విస్తరించిన మాట కూడా వాస్తవమే. దేశంలో పత్తి ఉత్పత్తి 2002–03లో 136 లక్షల బేళ్ళు కాగా 2013–14లో 398 లక్షల బేళ్ళకు చేరినది. నీటిపారుదల విస్తరణ, ఎరువుల వాడకం, కొత్త సంకర రకాలు కూడా అందుకు దోహదం చేశాయనే పరిశోధకులు ఉన్నారు. ఆ శిఖరాన్ని దేశం తరువాత అందుకోలేదు.

ధర విషయంలో జరిగిన పోరాటం మన తెలుగువారు గర్వించదగినది. 450 గ్రాముల పొట్లాన్ని 1,600 నుండి 1,850 రూపాయల వరకు అమ్ముతుండగా, అందులో 1,250 రూపాయలు కేవలం సాంకేతిక విజ్ఞానపు రుసుమే. 2006లో అప్పటి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం గుత్తాధిపత్య, నిర్బంధ వాణిజ్య విధానాల కమిషన్ ఎదుట ఫిర్యాదు చేసినది. కమిషన్ ఆ రుసుము అధికమని భావించి తగ్గించమన్నది. ఆ ఏడాదే పొట్లం ధర 750 రూపాయలకు దిగివచ్చినది. జన్యువు మారలేదు, పురుగు మారలేదు, ఒక ప్రభుత్వం గట్టిగా నిలబడినందువలన రైతుకు పొట్లానికి సుమారు వేయి రూపాయలు మిగిలినవి. ఎకరంన్నర రైతుకు సభలలోని ఉపన్యాసాల కంటె ఈ వేయి రూపాయలే ఉపకరించాయని మేము భావిస్తున్నాము.

అయితే పురుగు కూడా ఊరుకోలేదు. ఒకే విషాన్ని ఎల్లప్పుడూ తింటూ ఉంటే తట్టుకొనగల పురుగులు మిగిలి, వాటి సంతానమే పెరుగుతుంది. దానిని ఆలస్యం చేయడానికి చేను చుట్టూ బిటి కాని పత్తిని కొన్ని సాళ్ళు వేయాలని నియమం పెట్టారు. పొట్లంతోపాటు 120 గ్రాముల సాధారణ విత్తనం ఇచ్చేవారు. రెండెకరాల రైతును కొంత నేల పురుగుకు వదలివేయమంటే ఎట్లు వదలుతాడు? ఎందుకు వదలాలో అతనికి దుకాణంలో చెప్పినవారు ఎందరు? చాలామంది ఆ చిన్న పొట్లాన్ని విప్పనే లేదు. 2010లో గుజరాత్‌లోని నాలుగు జిల్లాలలో గులాబీరంగు పురుగు బిటి పత్తిని తట్టుకొంటున్నదని కంపెనీయే అంగీకరించినది. రెండు జన్యువులున్న తరువాతి తరపు విత్తనానిదీ అదే గతి. 2017 ఖరీఫ్ నాటికి మహారాష్ట్ర, తెలంగాణ చేలలో ఈ పురుగు విస్తారంగా నష్టం చేసినది. తప్పు రైతుదేనని నిపుణులు కొందరు వ్రాశారు. అది అన్యాయం.

ఇక ఊరినుండి ఫోనులో అడుగుతున్న పత్తి సంగతి. అది గ్లైఫోసేట్ అనే కలుపుమందును తట్టుకొనే రకం. దానికి మన దేశంలో అనుమతి లేదు. అయినను తెలుగు రాష్ట్రాలతో సహా పలుచోట్ల రహస్యంగా అమ్ముతున్నారు. కూలీల కొరత, కలుపుతీత ఖర్చు భరించలేక రైతులు దానివైపు మొగ్గుచూపుతున్నారు. 2019 జూన్‌లో మహారాష్ట్రలోని అకోలా జిల్లాలో షేత్కరీ సంఘటన రైతులు దీనిని బహిరంగంగానే నాటి, తమకు కొత్త విజ్ఞానం కావాలని ఉద్యమించారు. వారి కోరికను కొట్టివేయలేము. కానీ ఉద్యమంగా వేసేవారికి వెనుక సంఘం ఉన్నది. చాటుమాటుగా కొన్న చిన్న రైతుకు రసీదు కూడా ఉండదు. మొలక రాకపోయినా అతడు ఎవరినీ అడుగలేడు.

గమ్హరియా సంతలో వంకాయ

పత్తి ఈ ప్రాంతపు పంట కాదు. ఇక్కడివారికి ఈ వివాదం వంకాయ రూపంలో దగ్గరగా వచ్చినది. గుత్తివంకాయ లేనిదే విందు లేదనుకొనే తెలుగు ఇల్లాళ్ళకు కూడా ఇది పట్టించుకోదగిన విషయమే.

బిటి వంకాయకు 2009 అక్టోబరు 14న జన్యు సాంకేతిక పరిజ్ఞాన మదింపు కమిటీ పచ్చజెండా చూపినది. అప్పటి పర్యావరణ మంత్రి జైరాం రమేష్ వెంటనే సంతకం చేయక, 2010 జనవరి, ఫిబ్రవరి మాసాలలో కోల్‌కతా, భువనేశ్వర్, అహమ్మదాబాదు, నాగపూర్, చండీగఢ్, హైదరాబాదు, బెంగుళూరు నగరాలలో బహిరంగ సమావేశాలు జరిపించారు. సుమారు 8,000 మంది పాల్గొన్నారు. ఫిబ్రవరి 9న బిటి వంకాయపై నిలుపుదల ప్రకటించారు. వంకాయకు పుట్టినిల్లయిన దేశంలో, నేరుగా తినే కూరగాయ విషయంలో, దీర్ఘకాలిక పరీక్షలు చాలవన్నది ఆయన చెప్పిన కారణాలలో ఒకటి. ఆ నిలుపుదల ఇప్పటికీ తొలగలేదు. పొరుగున బంగ్లాదేశ్ మాత్రం 2013లో అనుమతించి, 2014లో 20 మంది రైతులతో సాగు ప్రారంభించినది. అక్కడ పురుగుమందు తగ్గినదని అధ్యయనాలు చెబుతున్నవి. అక్కడ ఇచ్చినవి రైతు దాచుకొనదగిన సూటి రకాలు కావడం గమనార్హం.

ఏడు సమావేశాలలో ఒక్కటీ రాంచీలో జరగలేదు. గమ్హరియా కూరగాయల రైతుకు దగ్గరివి కోల్‌కతా, భువనేశ్వర్. ఒక రోజు కూలి, రైలు ఛార్జీ పోగొట్టుకొని ఎవరు వెళ్ళి ఉంటారు?

ఆ లోటు కొంతవరకైనా తీర్చుకొందామని, వారపు సంతలో వంకాయలు రాశిపోసుకొని కూర్చున్న కొందరిని మేము పలకరించితిమి. అందులో ఒక నడివయసు స్త్రీ చెప్పిన మాటలు ఇక్కడ ప్రస్తావించదగినవి. “దీదీ, వంకాయలో పురుగు పడకుండా ఉండే విత్తనం వస్తే తీసుకొంటారా?” అని అడుగగా ఆమె మొదట నవ్వినది. పురుగు ఉన్న కాయ చౌకగా పోతుంది, కానీ పోతుంది కదా అన్నది. తనకు గుండెకోత పెట్టేది పురుగు కాదట, ఎండు తెగులట. నిన్న కళకళలాడిన మొక్క నేడు ఉన్నపళంగా వాడిపోతుంది, మందు లేదు. “మీ కొత్త విత్తనం దానికి పనిచేస్తుందా?” అని ఆమెయే మమ్ములను అడిగినది. పనిచేయదని చెప్పితిమి. “అయితే విత్తనానికి కాయను పండబెట్టి దాచుకోవచ్చునా?” అన్నది రెండవ ప్రశ్న. “ఎంత?” అన్నది మూడవది. ఇంతలో బేరానికి మనిషి రావడంతో ఆమె మమ్ములను మరచిపోయినది.

చోటానాగపూర్ పీఠభూమిలోని ఆమ్ల స్వభావపు నేలలలో బాక్టీరియా ఎండు తెగులు వంకాయకు, టమాటాకు పెద్ద శత్రువు. మొవ్వు, కాయ తొలుచు పురుగు కూడా తక్కువది కాదు. దాని కోసం రైతులు పదేపదే మందు కొట్టడం, ఆ మందు మన పళ్ళెంలోనికి రావడం మనం ఎరిగినదే. అందువలన బిటి వంకాయను కోరేవారి వాదంలో బలం లేకపోలేదు. అయినను దీదీ వేసిన మూడు ప్రశ్నలు, ఆ ఏడు నగరాలలోను హోరాహోరీగా సాగిన ప్రసంగాల కంటె సూటిగా ఉన్నవని మాకనిపించినది.

అల్గోలు తీర్పు

చిన్న రైతును న్యాయమూర్తి పీఠం మీద కూర్చోబెట్టిన ప్రయత్నం ఒకటి మన తెలుగునేల మీదనే జరిగినది. 2001 జూన్‌లో మెదక్ జిల్లా జహీరాబాదు సమీపంలోని అల్గోలు గ్రామంలో ‘ప్రజాతీర్పు’ పేరున ఒక రైతు న్యాయసభ సమావేశమైనది. సన్న, చిన్నకారు రైతులు, వారిలో అధికులు స్త్రీలు, న్యాయనిర్ణేతలు. శాస్త్రజ్ఞులు, అధికారులు, కంపెనీ పక్షం వారు సాక్షులుగా వచ్చి తమ వాదం వినిపించారు. అప్పటి రాష్ట్ర ప్రభుత్వపు ‘విజన్ 2020’ పత్రం వ్యవసాయం మీద ఆధారపడే జనాన్ని 70 శాతం నుండి 40 శాతానికి తగ్గించాలన్నది. రైతు జూరీ దానిని తిరస్కరించినది. బిటి పత్తిని, విటమిన్ ‘ఎ’ వరిని సహా జన్యుమార్పిడి పంటలను వద్దన్నది. విత్తనం, నేల, నీరు తమ ఆధీనంలో ఉండే వ్యవసాయం కావాలన్నది.

ఈ సభకు విమర్శలు లేకపోలేదు. నిర్వాహకులు ముందే ఒక పక్షం వహించారనీ, సాక్షుల ఎంపిక సమతూకంగా లేదనీ, రాష్ట్రానికి సహాయం అందిస్తున్న బ్రిటిషు ప్రభుత్వ శాఖ వారు ఆక్షేపించారు. ఆ ఆక్షేపణలో కొంత నిజం ఉండవచ్చును. అయితే అంతకంటె నిష్పాక్షికమైన రైతుసభను పెట్టి చూపినవారు లేరు. ఆ తరువాత పార్లమెంటు వ్యవసాయ స్థాయీ సంఘం, మన పొరుగున ఉన్న బాంకురా ఎం.పి. బాసుదేబ్ ఆచార్య అధ్యక్షతన, 2012లో సమర్పించిన నివేదికలో ఈ పంటల విషయమై ఎంతో జాగరూకత అవసరమని హెచ్చరించినది. 2022 అక్టోబరులో ఢిల్లీ విశ్వవిద్యాలయం రూపొందించిన జన్యుమార్పిడి ఆవకు కమిటీ అనుమతించగా, 2024 జూలై 23న సర్వోన్నత న్యాయస్థానపు ఇద్దరు న్యాయమూర్తులు భిన్నమైన తీర్పులు చెప్పారు. జన్యుమార్పిడి పంటలపై అందరినీ సంప్రదించి ఒక జాతీయ విధానాన్ని రూపొందించాలన్న విషయంలో మాత్రం ఇరువురూ ఏకీభవించారు.

ఇంతలో మరొక కొత్త విద్య వచ్చినది. పరాయి జీవి జన్యువును చేర్చక, మొక్కలో ఉన్న జన్యువునే సవరించే పద్ధతి ఇది. ఇట్టి కొన్ని రకాలకు 2022లో ప్రభుత్వం పాత నిబంధనల నుండి మినహాయింపు ఇచ్చినది. 2025 మే 4న కేంద్రం ప్రకటించిన రెండు సవరించిన వరి రకాలలో ఒకటైన ‘కమల’ను రాజేంద్రనగర్‌లోని భారతీయ వరి పరిశోధన సంస్థ మన బాపట్ల సాంబమసూరి నుండి రూపొందించినది. గింజల సంఖ్య పెరుగుతుందనీ, పంట ముందుగా కోతకు వస్తుందనీ శాస్త్రజ్ఞులు చెబుతున్నారు. ప్రభుత్వ సంస్థ చేతిలో పుట్టిన రకం కావడం సంతోషించదగిన విషయం. వాడిన సాధనం మీద విదేశీ పేటెంట్లు ఉన్నందున, విత్తనం రైతు చేతికి ఏ షరతులతో వస్తుందన్నది మాత్రం ఇంకా అడుగవలసిన ప్రశ్నయే.

పంట పోతే ఎవరు?

జన్యుమార్పిడి విత్తనమైనా, మామూలు విత్తనమైనా రైతుకు చట్టంలో కొంత రక్షణ ఉన్నది. మన కుటుంబాలలో చాలామందికి ఇది తెలియదు. మొక్కల రకాల పరిరక్షణ, రైతు హక్కుల చట్టం (2001) 39వ విభాగం ప్రకారం రైతు తాను పండించిన విత్తనాన్ని దాచుకొనవచ్చును, విత్తవచ్చును, ఇతరులకు ఇవ్వవచ్చును, అమ్మవచ్చును కూడా. కంపెనీ ముద్రతో పొట్లం కట్టి మాత్రం అమ్మరాదు. ఆ చట్టం క్రింద నమోదైన రకం, చెప్పిన పరిస్థితులలో చెప్పినంత పండకపోతే నష్టపరిహారం కోరవచ్చును.

వినియోగదారుల చట్టం మరింత చేరువలో ఉన్నది. ఆంధ్రప్రదేశ్ రైతులు కొందరు, మన వంటి ప్రభుత్వరంగ సంస్థయే అయిన జాతీయ విత్తనాల సంస్థ నుండి కొన్న విత్తనం సరిగా పండలేదని జిల్లా ఫోరంలకు వెళ్ళి గెలిచారు. రైతు వినియోగదారుడు కాడు, అతడు వ్యాపారం కోసం కొన్నాడు, విత్తనాల చట్టం వేరే ఉన్నది అని సంస్థ వాదించినది. 2012 జనవరి 16న సర్వోన్నత న్యాయస్థానం ఆ వాదాలను త్రోసిపుచ్చినది. పరీక్షకు నమూనా ఇవ్వలేదన్న అభ్యంతరాన్ని కూడా కాదన్నది. కొన్న విత్తనాన్నంతా నేలలో వేసే రైతును, కోర్టు కోసం పిడికెడు దాచి ఉంచమనడం సమంజసం కాదన్నది న్యాయస్థానం మాట. వ్యవసాయాధికారి పొలం చూసి ఇచ్చిన నివేదిక ఇట్టి వ్యాజ్యాలలో రైతుకు ప్రధానమైన ఆధారం.

కనుక ఈసారి ఊరినుండి ఫోను వచ్చినప్పుడు డబ్బుతోపాటు కొన్ని మాటలు కూడా పంపవచ్చును. అనుమతి లేని పొట్లం ఎంత చౌకగా వచ్చినా ఇంటికి తేవద్దని చెప్పండి. లైసెన్సు ఉన్న దుకాణంలో కొని, లాటు నంబరు వేసిన రసీదు అడిగి తీసుకోమనండి. విత్తనం చల్లిన తరువాత ఖాళీ సంచిని, దానికి కుట్టిన చీటీని పారవేయక, రసీదుతో కలిపి పంట ఇల్లు చేరేదాకా దూలానికి వ్రేలాడదీసి ఉంచమనండి. మొలక రాకపోయినా, పూత నిలువకపోయినా, మోడు దున్నివేయకముందే మండల వ్యవసాయాధికారిని చేనికి పిలిచి వ్రాతమూలకంగా నివేదిక తీసుకోవాలి. దున్నిన తరువాత చూపడానికి చేనులో ఏమీ మిగలదు.